పట్నపు పొలిమేరలో ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిన సామెత. ఆ సామెత పుట్టిన నాడు ఇల్లు కట్టువానికి చోటును వెదకుకొను పని లేకుండెను. తాతనాటి పెరడుండెను, లేనిచో ఊరిపెద్దలు ఆబాదీలో చూపిన జాగా యుండెను. ఇరుగెవరో పొరుగెవరో పుట్టుకతోనే తెలిసియుండెను. కష్టమెల్ల దూలములు తెచ్చుటలో, గోడ పెట్టుటలో, వడ్లవానికి కూలి యిచ్చుటలో ఉండెను. నేడు పల్లె విడిచి నగరము చేరువారికి ఆ కష్టము చాలవఱకు తప్పినది. ఇండ్లు కట్టి అమ్మువారు వేఱుగా నున్నారు. దానికి మాఱుగా మన పూర్వు లెఱుగని మఱియొక కష్టము వచ్చిపడినది. అది చోటు నెన్నుకొనుట. నగరముచుట్టు వందలకొలది కాలనీలు వెలసియుండగా అందులో మన కుటుంబమునకు తగినది ఏది? ఈ ప్రశ్నకు చరిత్ర ఏమి చెప్పగలదో నేటి ప్రసంగమున విన్నవించెదను.

నేను వీర్నపల్లి ప్రాంతపువాడను. సిరిసిల్లకు పడమటగా గుట్టల నడుమనున్న ఊరది. పూర్వము కరీంనగరు జిల్లాలో ఎల్లారెడ్డిపేట మండలములోనిదై, 2016 అక్టోబరులో రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడినపుడు తానే మండలకేంద్రమైనది. చుట్టును లంబాడీ తండాలు. మా ప్రాంతమువారు కొందఱు సిరిసిల్ల సాంచలమీదను, కొందఱు భీవండి, సూరతులలోను, కొందఱు గల్ఫు దేశములలోను పదియిరువదియేండ్లు కష్టించి, కూడబెట్టిన దానికి ఒకటి రెండెకరముల అమ్మకపు సొమ్మును చేర్చి పట్నమున ఇల్లు కొనదలతురు. పట్నమనగా మాకు హైదరాబాదే. వారు నన్నడుగునది ఒక్కటే మాట: “పెద్దబాపూ, పట్నంల ఏ దిక్కుకు కొంటే మంచిగుంటది?” దిక్కు నడుగుదురు, ధర నడుగుదురు, రోడ్డు ఎన్నియడుగుల వెడల్పో అడుగుదురు. ఆ నేల నిన్న ఏమైయుండెనో అడుగువారు అరుదు. ఎడారి యెండలో గడించిన సొమ్ము రెండవమాఱు చేతికి రాదు. అమ్మిన పొలము తిరిగి రాదు. కావున ఇది ఊరక పొద్దుపోకకై అడుగు ప్రశ్న కాదు.

ముందు పల్లెను చూతము. తెలంగాణమున ఊరు కట్టినవారు చోటు నెట్లెన్నుకొనిరో ఏ పాతగ్రామమును చూచినను తెలియును. ఇండ్లు గడ్డమీద నుండును. చెఱువు ఊరి కొకప్రక్క నుండును. కట్టక్రింద మళ్ళు, మళ్ళకు నీరిచ్చుటకు తూము, నిండిన నీరు పొర్లిపోవుటకు మత్తడి, మత్తడి దాటిన నీరు నడచుటకు ఒఱ్ఱె. చెఱువు నిండినపుడు నీరు పఱచుకొను నేలకు శిఖమని పేరు. వేసవిలో శిఖమెండి పశువులు మేయును. కొందఱు పుచ్చతీగెలు పెట్టుదురు. కాని అందు ఇల్లు కట్టువాడు ఊరిలో ఒక్కడును కానరాడు. ఆ నేల నీటిదని బడికిపోని బాలునికిని తెలియును. ఊరి జ్ఞాపకమే ఊరికి కాపుదల. నగరపు పొలిమేరలో ఇల్లు కొనువానికి లేనిది ఈ జ్ఞాపకమే. చదువవలసినవాడు దానిని చరిత్రనుండియే చదువవలెను.

హైదరాబాదు నగరమే ఒకనాడు పొలిమేర పేట యనిన వినువారికి వింతగా తోచవచ్చును. కుతుబుషాహీల రాజధాని గోలకొండ. కోటలోపల జనము కిక్కిరిసి నీటి యెద్దడి యేర్పడెనని చరిత్రకారులు చెప్పుదురు. కోటనుండి మూసీనది దాటుటకు 1578లో వంతెన కట్టిరి, అదియే పురానాపూల్. పిదప 1591లో మహమ్మదు కులీ కుతుబుషా నదికి దక్షిణమున చార్మినారు నడిమి గుఱుతుగా క్రొత్త నగరమును నెలకొల్పెను. ముందు వంతెన, తరువాత ఊరు. ఈ క్రమమును గమనింపవలెను. దారి యేర్పడిన పదుమూడేండ్లకు నగరమేర్పడినది. ఈ కాలమున కొందఱు వ్యాపారులు రాబోవు రోడ్డును పటములో గీచి చూపి స్థలముల నమ్ముచున్నారు. కుతుబుషాహీలు వంతెన కట్టి రమ్మనిరి గాని, వంతెన బొమ్మను చూపి రమ్మనలేదు. కొనువాడు నేడున్న దారికి వెల కట్టవలెను. రేపటి దారికి కట్టిన వెల జూదమే యగును.

రెండవ పొలిమేర హుస్సేన్‌సాగరమున కావల వెలసినది. 1798 నాటి సంధిచే ఇంగ్లీషు పటాలములు అచ్చట దిగినవి. 1806లో ఆ చోటికి మూడవ నిజాము సికందర్‌జా పేర సికిందరాబాదను నామము కలిగెను. ఆ కాలముననే మూసీ ఉత్తరపుటొడ్డున కర్క్‌పాట్రిక్ అను రెసిడెంటు గొప్ప మేడ నెత్తించెను. దానిచుట్టు రెసిడెన్సీ బజారు పెరిగెను; సుల్తాన్‌బజారు అందులోనిదే. అచ్చట నిజాము కొత్వాలు అధికారము చెల్లకుండెను. ఆ కారణముచేతనే సాహుకార్లును వర్తకులును అక్కడ కొట్లు పెట్టుకొనిరి. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినదియు ఈ భాగముననే. 1933లో ఆ బజార్లు మఱల నిజాము ప్రభుత్వమునకు వచ్చినవి. వర్తకుడు ఇంటిగోడ కంటె ముందు, ఆ గోడమీద ఎవరి చట్టము నడచుచున్నదో చూచెను. నేటి కొనుగోలుదారునకును ఈ విచారణ తప్పదు. ఆ కాలనీ గ్రామపంచాయతిలోనిదా, పురపాలకసంఘములోనిదా? పటమును ఆమోదించినది ఎవరు? పంచాయతి ముద్రమాత్రము గల పటమును నమ్మి కొన్నవారు తరువాత క్రమబద్ధీకరణమునకై మఱల రుసుము కట్టి ఏండ్లతరబడి ఎదురుచూచుట మన మెఱిగినదే.

మూసీ తన చోటును తాను అడిగిన దినము 1908 సెప్టెంబరు 28. ఆనాటి వఱదలో సుమారు పదియైదువేల మంది ప్రాణములు గోల్పోయిరని అంచనా. ఏటి యొడ్డున ఇరుకుగా కట్టిన పేటలు ఊడ్చుకొనిపోయినవి. మఱుసటియేట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి నదినంతయు పరిశీలించి, నగరమును కాపాడవలెనన్న నగరమునకు ఎగువననే నీటిని ఆపవలెనని నిర్ణయించిరి. దాని ఫలముగా 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును పూర్తియైనవి. 1912లో ఆరాయిషె బల్దా యను నగరాభివృద్ధి సంస్థ ఏర్పడెను. అది గాలి వెలుతురు లేని పేటలను తొలగించి, నాంపల్లి, మల్లేపల్లి, మొగల్‌పుర మొదలగుచోట్ల వరుసలుగా ఇండ్లు కట్టించి అద్దెల కిచ్చెను.

ఈ యాలోచన మన నగరమున మాత్రమే పుట్టినది కాదు. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగగా 1898లో అచ్చట నగరాభివృద్ధి ట్రస్టు నెలకొల్పబడెను. బెంగుళూరులో 1898 నాటి ప్లేగు తరువాత బసవనగుడి, మల్లేశ్వరము లను విశాలమైన పేటలు పెరిగినవి. ఆ సంవత్సరమే ఇంగ్లండులో ఎబినీజర్ హోవర్డు అనునాతడు పల్లెయొక్క ఆరోగ్యమును పట్టణముయొక్క వసతియు కలిసిన తోటనగరములను గూర్చి పుస్తకము ప్రకటించెను. 1903లో లెచ్‌వర్తున అట్టి నగరమును కట్టనారంభించిరి. జనులు ఊరి నడుమ నుండి వెలుపలికి కదలుటకు మొదటి కారణము విలాసము కాదు, ప్రాణభయము. పొలిమేర యిల్లు మొదట మందుగా పుట్టినది. సరకుగా మాఱినది తరువాతనే.

ఉస్మాన్‌సాగరపు నీరు నగరమునకు వచ్చిన పిమ్మట 1930 ప్రాంతమున మెహదీ నవాజ్ జంగుగారు పడమటి రాతిగుట్టలమీద ఇల్లు కట్టుకొనిరి. ఆ గుట్టలలో బంజారాలు, అనగా మా వీర్నపల్లి తండాలలోని లంబాడీలవంటి వారే, మకాములు వేసుకొని యుండిరి. ఎద్దులమీద ధాన్యమును ఉప్పును మోయు వ్యాపారము వారిది. రైళ్ళు వచ్చి ఆ వ్యాపారము నణగించినవి. వారి పేరే గుట్టలకు మిగిలినది. గుట్టలు మాత్రము వారికి మిగులలేదు. బంజారాహిల్సున గజము వెల ఎంతో విని ఆశ్చర్యపడువారు, ఆ పేరిటివారిలో అచ్చట గజము కొనగలవా రెందఱని కూడ తలపోయవలెను. ఒక చోటు మంచి కాలనీ యగునపుడు అంతకు ముందున్నవారు ఏమైరో అడుగుట చరిత్రకారుని పని మాత్రమే కాదు. అందు ఇల్లు కొనువాని ధర్మమును.

నీటిచోట ఇల్లు కట్టిన కథ తెలుగువారికి మదరాసులోను కలదు. ఆ నగరమునకు పడమట లాంగ్‌ట్యాంకు అను నిడుపాటి చెఱువుండెను. 1920 తరువాత దానిలో కొంతభాగమును ఎండగట్టి త్యాగరాయనగరమును నిర్మించిరి. పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేర నగరము, పానుగంటి రాజాగారి పేర నడుమ ఉద్యానము, ఇరువురును తెలుగువారే. తరువాతి దశకములలో చలనచిత్రములవారు మొదలుగా ఎన్నియో తెలుగు కుటుంబములు అచ్చట స్థిరపడినవి. వీథులు విశాలములు, చెట్లు నీడనిచ్చునవి, మంచి పేటయే. కాని చెఱువు పోయినను వాన పోలేదు. 2015 డిసెంబరులో చెన్నపట్నము మునిగినపుడు పూడ్చిన చెఱువుల పేర్లు మఱల జనుల నోట వచ్చినవి.

హైదరాబాదులో ఈ పేర్లు ఇంకను ఎక్కువ. మాసాహెబా ట్యాంకు మాసబ్‌ట్యాంకైనది. అచ్చట భవనములే కాని ట్యాంకు లేదు. నల్లకుంట యని పేరు గల పేటలో కుంట కానరాదు. తాలాబ్‌కట్ట యనగా చెఱువుకట్ట, నేడది వీథి. మన పూర్వులు చెఱువులను ఒంటరిగా కట్టలేదు. ఎగువ చెఱువు నిండి మత్తడి దూకిన నీరు ఒఱ్ఱెద్వారా దిగువ చెఱువున చేరును; అది నిండి మఱియొక దానికి పోవును. దీనినే గొలుసుకట్టందురు. గొలుసులో ఒక కడియమును పూడ్చి ఇండ్లు కట్టిన, నీరు దారితప్పి ఆ యిండ్లలోనే నిలుచును. 2000 ఆగస్టు 24న ఒక్క దినమున సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసినపుడును, 2020 అక్టోబరులో చెఱువుకట్టలు తెగినపుడును మునిగిన కాలనీలలో పెక్కు ఈ గొలుసు మీదివే. 2024లో చెఱువులను నాలాలను కాపాడుటకు హైడ్రా యను సంస్థ ఏర్పడి, శిఖములో కట్టిన భవనములను కూల్చనారంభించెను. కూలినవానిలో కలవారి మేడలు మాత్రమే కాక, అప్పుచేసి కొన్నవారి ఇండ్లును ఉండెను. కట్టి అమ్మినవాడు సొమ్ము తీసికొని పోయెను. కొన్నవాడు వీథిలో నిలిచెను. పది హెక్టార్లకు తక్కువకాని చెఱువుకు నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు విడువవలెనని నియమము కలదు. ఆ హద్దురాయి ఎక్కడనున్నదో చూడక బయానా ఇచ్చుట కన్నులు మూసికొని బావి దాటుట వంటిది.

ఇక పత్రముల సంగతి. నగరముచుట్టునున్న నేలకు పూర్వము అత్రాఫ్‌బల్దా యని పేరు. నగర పరిసరమని యర్థము. ఆ జిల్లా సర్ఫెఖాసు, అనగా నిజాముయొక్క స్వంత ఆస్తి. దానినానుకొని పాయగాలు, జాగీర్లు, మక్తాలు, ఇనాములు కలసిమెలసి యుండెను. 1949 ఫిబ్రవరిలో సర్ఫెఖాసు దివానీలో కలిసెను. అదే సంవత్సరము ఆగస్టు 15న జాగీర్ల రద్దు శాసనము వచ్చెను. 1954–55లో పొలము పొలమునకు తిరిగి ఎవరి స్వాధీనమున ఏమున్నదో వ్రాసిన పుస్తకమే ఖాస్రా పహాణీ. ఒక సర్వేనంబరు ఆనాడు ఎవరి పేర నుండెను, పట్టాయా, ఇనామా, సర్కారుదా, శిఖమా అని తెలిసినగాని నేటి దస్తావేజునకు వేరు దొరకదు. తరువాత 1976లో పట్టణభూమి పరిమితి చట్టము వచ్చి, హైదరాబాదులో వేయి చదరపు మీటర్లకు మించిన ఖాళీస్థలమును మిగులుగా లెక్కించెను. 2008లో మన రాష్ట్రమున ఆ చట్టము తొలగినను దానివలన పుట్టిన చిక్కులు కొన్ని సర్వేనంబర్లను విడువలేదు. 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చినవి. యంత్రములు మాఱినను అడుగవలసిన ప్రశ్న మాఱలేదు: ఈ నేల మొదట ఎవరిది, ఎవరి చేతులు మాఱి నా చేతికి వచ్చుచున్నది?

ఇచ్చట ఒక మాట చెప్పవలెను. నాలా యను పదమునకు మన ప్రాంతమున రెండర్థములు కలవు. ఒకటి వాననీటి కాలువ. రెండవది సాగునేలను ఇండ్లనేలగా మార్చుకొను అనుమతి. కచేరీలో దానినిగూడ నాలాయనియే పిలుతురు. కొనువాడు రెండు నాలాలను అడుగవలెను. మొదటిది తన స్థలములో ఉండరాదు. రెండవది తన కాగితములలో లేకుండరాదు. ముప్పదియేండ్ల ఈసీ తీయించుట, 2016 నాటి రెరా చట్టముక్రింద నమోదైనదా యని చూచుట, అపార్ట్‌మెంటైనచో నేలలో తన వాటా ఎన్ని గజములో దస్తావేజులో వ్రాయించుట ఖర్చుతో కూడినవే. కాని ఆ ఖర్చు ఇంటి వెలలో నూఱవవంతునకు చేరదు. చేయనిచో కలుగు నష్టమునకు కొలత లేదు.

మూడవ విచారణ పనిచోటిది. 1874లో వాడినుండి రైలుదారి సికిందరాబాదునకు వచ్చిన పిదప స్టేషన్లచుట్టు పేటలు పెరిగినవి. 1960 తరువాత రామచంద్రాపురమున భారీ విద్యుత్పరికరముల కర్మాగారము, బాలానగరున ఔషధముల కర్మాగారము, 1967లో ఎలక్ట్రానిక్సు కార్పొరేషను వెలసి, నగరమునకు దూరముగా నున్న పల్లెలను కార్మికుల ఊళ్ళుగా మార్చినవి. 1960లో ఏర్పడిన గృహనిర్మాణమండలి కూకట్‌పల్లిలో గొప్ప కాలనీని కట్టినపుడు అది ఊరికి చాల దూరమని వెనుదీసినవారుండిరి. 1998లో సైబర్ టవర్సు తెఱచిన తరువాత ఆ దూరమే దగ్గఱయైనది. 2007లో కూకట్‌పల్లి, ఉప్పల్, అల్వాల్, కాప్రా మొదలగు పండ్రెండు పురపాలకసంఘములు మహానగరమున కలిసినవి. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి నగరమునకు క్రొత్త నడికట్టైనది. ఈ కథ విని, దూరమైనను ఒకనాడు దగ్గఱయగునని కొనువారు కలరు. కాని ఆ ఒకనాటికి ముందు ఎన్ని దినములు? ప్రతిదినము రెండేసి గంటలు బస్సులో నిలుచు తండ్రి తన పిల్లలను మేల్కొనియుండగా చూడజాలడు. ఇంటి వెలలో తగ్గిన సొమ్ము ఆయుర్దాయములో కోతపడును. దూరమును కిలోమీటర్లలో కాక, ఉదయము ఎనిమిది గంటల వేళ పట్టు కాలములో కొలువవలెను.

నాల్గవది ఇరుగుపొరుగు. ఇందుకు మంచి నిదర్శనము షోలాపురములోని మనవారిది. తెలంగాణపు పద్మశాలీలు తరములనుండి అచ్చటి మిల్లులలోను మగ్గములమీదను పనిచేయుచు స్థిరపడిరి. స్త్రీలు పెక్కుమంది బీడీలు చుట్టి సంసారమీడ్చుదురు; ఈ పని మా సిరిసిల్ల ప్రాంతపు ఆడపడుచులకును తెలిసినదే. ఇరుకు గదులలో అద్దెలకున్న ఆ స్త్రీలను నర్సయ్య ఆడం అను తెలుగు కార్మికనాయకుడు సహకారసంఘముగా కూర్చెను. నగరమునకు వెలుపల కుంభారియను గ్రామమున, గోదూతాయి పరులేకరు పేర, సుమారు పదివేల ఇండ్లు కట్టబడి 2006లో వారి వశమైనవి. సర్కార్లు కొంత ఇచ్చినవి, కార్మికురాండ్రు కొంత ఇచ్చిరి. తరువాత రేనగరమను పేర ముప్పదివేల ఇండ్ల మఱియొక కాలనీకి పూనుకొని, 2024 జనవరిలో అందు పదియైదువేలు అందుకొనిరి.

బీడీలు చుట్టు స్త్రీకి ఇల్లే కార్ఖానా. తునికాకు, తంబాకు తెచ్చుకొనుటకును, చుట్టిన కట్టలు అప్పగించుటకును దూరము పోవలసివచ్చిన ఆమె దినకూలిలో కొంత దారికే పోవును. ఒంటరిగా వెలుపలికి పోయి ఇల్లు కొన్నచో ఆమెకు సొంతయిల్లు లాభము కాదు. పదివేలమంది కలిసి పోయినపుడు పనియు, బడియు, బస్సును వారి వెంట రావలసినదే. కాలనీ నెన్నుకొనుట యనగా కట్టియున్న దానిలో ఏరుకొనుట మాత్రమే కాదు. కొందఱు కూడి తమ కాలనీని తామే కట్టుకొనుటయు అందు చేరును. అందఱికిని అది సాధ్యము కాకపోవచ్చును. అయినను ఒకే ప్రాంతమువారు పదికుటుంబములు కలిసి విచారించిన, పత్రములు చూపించు ఖర్చు పదవవంతగును. అమ్మువాడు చెప్పు మాటలోని లోపము పదిజతల కన్నులకు కానవచ్చును.

పొలిమేర కాలనీలు పట్నమునకే పరిమితములనుకొనరాదు. సిరిసిల్లకు చేరువ మండేపల్లిలో 2021లో సర్కారు 1,320 ఇండ్ల కాలనీని తెఱచెను. మానేరుమీద మధ్యమానేరు జలాశయము కట్టినపుడు మునిగిన గ్రామములవారు పునరావాస కాలనీలలో క్రొత్తగా ఊరు పెట్టుకొనవలసివచ్చెను. వారి నడిగిన, ఇల్లు దొరకుట ఒకటి, ఊరు దొరకుట ఒకటి అని చెప్పుదురు. ఇల్లు మేస్త్రీ కట్టును. ఊరు కట్టుటకు తరము పట్టును.

కాబట్టి చోటు నెన్నుకొనువారు కాగితములతోపాటు మనుష్యులను కూడ చదువవలెను. హైదరాబాదు చుట్టునున్న ప్రతి కాలనీప్రక్కను ఒక పాత ఊరు మిగిలియుండును. మేడల నడుమ చూచిన దాని పోచమ్మగుడి, దాని వేపచెట్టు, దాని పెంకుటిండ్లు నాలుగు కనబడును. అచ్చటి ముసలివారి యొద్ద కొంతసేపు కూర్చుండవలెను. ఈ జాగాలో పూర్వము ఏమి పండించెడివారు? వాన పెద్దదైన నీరు ఎటు పోయెడిది? దీనికి పట్టాదారెవరు? పెద్ద ముసళ్ళు పడిన యేడు మా వీథిలో నీరెంతవఱకు వచ్చెను? వేసవిలో నీటిబండి ఎన్నిదినముల కొకమాఱు వచ్చును? వీనిలో ఒక్క ప్రశ్నకును అమ్మువాని ప్రకటనపత్రములో జవాబుండదు. చూడబోవుట కూడ ఎండకాలమున కొకమాఱు, వానకాలమున కొకమాఱు పోవలెను. వేసవి నీటి కఱవును చూపును. వాన నీటి దారిని చూపును. ఒక్కమాఱే చూచి, అదియు అమ్మువాని కారులో పోయి చూచి, ఆ సాయంకాలమే సొమ్మిచ్చుట తగదు.

అన్నిటికంటె మేలైన ప్రశ్న ఒకటి కలదు. పాత ఊరిలోని ముసలమ్మల నడుగవలెను: అమ్మా, మీరు చిన్నతనమున బతుకమ్మను ఏ చెఱువులో వేసెడివారు? ఆ యమ్మ చేయెత్తి చూపిన దిక్కును మనము చూడవలెను. అచ్చట నీరు కనబడెనా, ఆ ఊరు తన నీటిని కాపాడుకొన్నదని తెలియును. అట్టి ఊరు మన పిల్లలనుగూడ కాపాడగలదు. అచ్చట గోడలు కనబడెనా, ఆ గోడలలో ఇల్లు కొనరాదు. అంబరుపేటలో బతుకమ్మకుంట యని పేరు మాత్రము మిగిలిన చోటును 2025లో త్రవ్వి మఱల నీటితో నింపిరి. కుంట పూడిపోయి ఏండ్లు గడచినను, పూలు ఎచ్చట విడిచెడివారో ఆడువారు మఱచిపోలేదు. రెవెన్యూ దస్త్రములు తారుమారగుట కలదు, హద్దురాళ్ళు కదలుట కలదు. పండుగనాడు తంగేడుపూలు మోసిన కాళ్ళకు తెలిసిన దారి మాత్రము తప్పు చెప్పదు.